వంగయాకు మీఁది యక్షింతలు

గడచిన యేఁటి మాఘమాసమున మా పెరటిలోని వంగమొక్కల యాకులన్నియు జల్లెడలైపోయినవి. పచ్చదనము పోయి, ఈనెలు మాత్రము మిగిలి, చిరిగిన వలవలె వ్రేలాడుచుండెను. ఆకు త్రిప్పి చూడఁగా, పెద్ద కందిగింజంత ప్రమాణముతో, బోరగిలఁ బెట్టిన గిన్నెవంటి గుండ్రని వీఁపుతో, పసుపు గలసిన యెఱ్ఱని మేనిపై నల్లచుక్కలతో నున్న పురుగులు కనఁబడెను. మనవారు వీనిని అక్షింతల పురుగులందురు. పెండ్లిపందిటిలోఁ జల్లిన యక్షింతలవలె నాకులమీఁదఁ బడియుండుటచేత నీ పేరు వచ్చియుండును. పేరు ముచ్చటగానే యున్నది గాని, చేసిన పని చూడఁగా మాకు ముచ్చట తీఱిపోయెను.

సబ్బునీళ్ల గిన్నె యొకటి చేతఁబట్టుకొని, రెండుదినములు ప్రొద్దుటిపూట నొక్కొక్క పురుగును ఏఱి యందులో వైచితిమి. వంగమళ్ల ప్రక్కనే చిక్కుడుపందిరి కలదు. దాని తీఁగలమీఁదను అక్షింతల పురుగులే తిరుగుచుండెను. చేతిలో గిన్నె యుండనే యున్నది. వానినిఁగూడ నొక్కటి విడువక యేఱివైచి, ఒక పెద్దపని చేసితిమని సంతోషించితిమి. పదిదినములు తిరుగకమునుపే చిక్కుడు చిగుళ్లన్నియు నల్లని పేనుబంకతో నిండిపోయెను. పూవు మాడెను. చీమలు బారులుగట్టెను. ఆ యేఁడు పందిరినుండి చారెడు కాయలైన వంటయింటికి రాలేదు. ఒక మడిలో దొంగలను, రెండవ మడిలోఁ గావలివారిని, ఒకే గిన్నెలో ముంచితిమని తరువాతఁగాని తెలిసినదికాదు.

"అదే పురుగు, అదే పేరు, ఇందులో నీ తప్పేమున్నదమ్మాయీ" అని మా యత్తగారు మమ్ము నోదార్చిరి. ఆలోచింపఁగా తప్పంతయు నా పేరులోనే యున్నది. తెనుఁగున అక్షింతల పురుగని మన మొకే పేరున పిలుచువానిలో ఆకు తినునవి కొన్ని. ఆకు తినక, ఆకుల రసమును పీల్చు పేనుబంకను పట్టి తిని మొక్కలను కాచునవి పెక్కు. ఒకే వంశమునఁ బుట్టిన జ్ఞాతులు. మనుష్యులలో నిట్టిది మనకుఁ గ్రొత్త కాదు గదా!

ఆనాఁటినుండి మాకు వీనిని వేఱుచేయుట యెట్లన్న చింత పట్టుకొన్నది. మా వారు బడినుండి యొక భూతద్దమును తెచ్చిపెట్టిరి. దానితోను, దొరకిన పుస్తకములతోను మేము తెలిసికొన్నది సోదరీమణులకుఁ జెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట మేమును అందఱివలెనే చుక్కలు లెక్కపెట్టితిమి. వంగయాకు తిను పురుగునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరునకే యిరువదియెనిమిది చుక్కలదని యర్థము. డెన్మార్కు దేశస్థుఁడగు యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రీషియస్ అను నాయన 1775లో ఆ పేరు పెట్టెను. ఆయన లినేయసు శిష్యుఁడు. ఱెక్కపెంకు ఒక్కొక్కదానిపై పదునాలుగు చొప్పున రెండింటికిని ఇరువదియెనిమిది. లెక్క తేలికయే యనుకొంటిమి. కాని మా వంగమొక్క యొక్కదానిమీఁదనే యిరువదియెనిమిది చుక్కలవి, ఇరువదింటివి, పండ్రెండింటివి కూడ దొరకినవి! కొన్నింట రెండుచుక్కలు కలసి యొకటైనవి, కొన్నింట మాసిపోయినవి. ఒక్కొక్క ఱెక్కపై ఆఱు చుక్కలు మాత్రమే యెప్పుడును విడువక యుండునవనియు, మిగిలిన యెనిమిది యుండినను ఉండవచ్చును, లేకపోయినను పోవచ్చుననియు పుస్తకములవలనఁ దెలిసెను. పండ్రెండు చుక్కలవానిని వేఱొక పేరుతో వేఱుజాతిగాఁ జూపు వ్యవసాయగ్రంథములు నేఁటికిని గలవు. బొట్టు చూచి వంశము నిర్ణయించినట్లున్నది యీ పని.

మన ప్రాంతమునకే చెందిన కథ యొకటి యిచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. శ్రీకాకుళము జిల్లా 1950లోను, విజయనగరము జిల్లా 1979లోను ఏర్పడకపూర్వము ఈ భూభాగమంతయు విశాఖపట్టణపు జిల్లాలోనిదే. ఆ విశాఖపట్టణమున నూటికి నూఱుపాళ్లు మావంటి చింతతోనే పదునెనిమిదవ శతాబ్దపు కడపట పాట్రిక్ రస్సెల్ అను వైద్యుఁ డుండెను. ఏ పాము విషము గలది, ఏది కానిది, అనునది ఆయన చింత. లినేయసు చెప్పినట్లు పొట్టమీఁది పొలుసులను, తోఁకమీఁది పొలుసులను లెక్కించెను; అంతటితోఁ దృప్తిపడక నోరు తెఱచి కోఱలను చూచెను. ఆయన పాముల గ్రంథము 1796లో వెలువడెను. మేము చేయవలసినదియు నదియే యని తోఁచెను: రంగు విడిచి నోటిని చూడవలెను.

ఫాబ్రీషియసు పురుగులను నోటి నిర్మాణమునుబట్టియే తరగతులుగా విభజించినవాఁడు. ఱెక్కలనుబట్టి చేసిన తన గురువుగారి పద్ధతిని విడిచి, ఏది యేమి తినునో దాని నోరు చెప్పునను యూహను పట్టుకొనెను. మా భూతద్దమునకు దవడలు చక్కఁగాఁ గానరావు. వానికి సూక్ష్మదర్శిని కావలెను. బడిలోని సూక్ష్మదర్శినిని సెలవుదినమున నొకసారి చూచు భాగ్యము మాకుఁ గలిగినది. పేనుబంకను తిను పురుగు దవడ కొన రెండుగాఁ జీలి, పట్టుకాఱువలె వాఁడిగా నుండును; మొదట లోపలివైపున నొక పన్ను కలదు. వంగయాకు పురుగు దవడ కొనయందో, వరుసగా పెక్కు పండ్లున్నవి. మొదటి పన్ను మాత్రము లేదు. మన యిండ్లలోఁ గొబ్బరికోరు, అడకత్తెర యెట్టి భేదము గలవో, ఇంచుమించుగా నట్టిదే యిదియును. కోరునకు పోఁక తెగదు. అడకత్తెరతోఁ గొబ్బరి కోరలేము. ఇది తెలిసినపిమ్మట మఱల వంగయాకును చూచితిమి. పురుగు తిన్నచోట నాకు రంధ్రము పడలేదు. పై పచ్చని పొర గీఱుకొనిపోయి, దువ్వెనతో గీచినట్లు సన్నని గీఱలు ప్రక్కప్రక్కనే పడియుండెను. ఆ పెక్కుపండ్ల దవడ తన సంతకమును ఆకుపైఁ బెట్టి పోయినది. సూక్ష్మదర్శిని లేని సోదరీమణులకు ఆ గీఱలే చాలును.

వీపును భూతద్దముతోఁ జూచినను మఱియొక గుఱుతు దొరకును. ఆకు తినుదాని పెంకు నిండ దగ్గఱదగ్గఱగా సన్నని నూఁగు కలదు. అందుచేత దానికి మెఱుపు లేదు. చీడను తినునది గాజుపూసవలె నున్నగా మెఱయును. మా పందిరిమీఁద మేము చంపినవానిలో నెక్కువభాగము నారింజరంగు వీఁపుపై నల్లని వంకరగీఱలు గలవి; అది ఫాబ్రీషియసే 1781లో పేరుపెట్టిన జాతి. దాని మెఱుపు మా కండ్లయెదుటనే యుండఁగాఁ జూడనేరకపోతిమి.

ఇఁక కాళ్ల మాట. ఇందులో మా కెక్కువ వినోదము కలిగినది. అమరకోశమున తుమ్మెదకు షట్పద మని పేరున్నదని చిన్ననాఁడు మా తండ్రిగారియొద్ద వల్లించితిమి. ఆఱుకాళ్లు గలది కావున షట్పదము. నేఁటి శాస్త్రమున పురుగుల తరగతికెల్ల ఈ యాఱుకాళ్లే ప్రధానలక్షణము. ఆ కాలి కొసను పాదమున్నది. అది చిన్నచిన్న కణుపులు గూడిన దండవంటిది. అక్షింతల పురుగుల పాదమును భూతద్దముతోఁ జూడఁగా కణుపులు మూఁడే కనఁబడును. నిజమునకు నాలుగు. మూఁడవది మిక్కిలి చిన్నదై, రెండవ కణుపు కొనయం దున్న లొత్తలో దాఁగియుండును. ఆకులు తిను పెంకుపురుగుల మహాకుటుంబము వేఱొకటి కలదు. ఆనపపాదుమీఁద, గుమ్మడిపాదుమీఁద వ్రాలు నారింజరంగు పురుగు దానిలోనిది. వాని పాదమున కణుపులు నాలుగు కనఁబడును, నిజమునకు అయిదు. నాలుగవది దాఁగియుండును. వ్రాఁతలో నుండి పలుకునప్పుడు వినఁబడని యరసున్నను చూచినట్లే మాకుఁ దోఁచెను. పలుకనంతమాత్రమున అది లేదనుట యెట్లు? అరసున్న యున్నచోట నొకనాఁడు నిండుసున్న పలికెడిదని పండితులు చెప్పుదురు; దాఁగిన కణుపును అట్టి పూర్వచరిత్రనే చెప్పుచున్నది. ఈ రెండు కుటుంబములవారు రంగున నెంత పోలియున్నను, పాదము చూచినచోఁ దెలిసిపోవును. గుమ్మడిపురుగును అక్షింతపురుగును ఒకే గిన్నెలో నేఱినవారు ఈ లెక్కను ఒకసారి చేసిచూడవచ్చును.

కుటుంబము తెలియుట యొక యెత్తు, జాతి తెలియుట మఱియొక యెత్తు. ఆకులు తిను నక్షింతలలోనే ఆసియాఖండమున నెన్నియో జాతులున్నవి. వానిని సరిగా విడఁదీసినవాఁడు పురుగులనే వృత్తిగాఁ బెట్టుకొన్నవాఁడు కాఁడు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున గెర్హార్డ్ డీకీ అను భౌతికశాస్త్రాచార్యుఁ డుండెను. అణువులు వెలువరించు కాంతిని పరిశోధించుట ఆయన వృత్తి. తీఱికవేళల నీ పురుగులను విడఁదీసి, ఆసియా, యూరోపు, ఆస్ట్రేలియా ఖండముల జాతులన్నింటిని గూర్చి 1947లో నొక గ్రంథమును ప్రకటించెను. చుక్కలను నమ్మక, కాలిగోళ్లు చీలిన విధమును, ఆఁడుపురుగు కడుపుక్రింది కడపటి పలక చీలియున్నదా లేదా యనుదానిని, మగపురుగు జననాంగముల గట్టిభాగముల యాకారమును చూచి జాతులను నిర్ణయించెను. ఈ కడపటి మాటను స్త్రీల పత్రికలో వ్రాయుటకు మేము కొంత జంకితిమి. కాని పైకి కవలలవలె నుండు రెండు జాతులకు అచ్చటఁదప్ప వేఱొకచోట స్పష్టమైన భేదము దొరకదు. ఆ భాగము ఒక్కొక్క జాతికి ప్రత్యేకముగా నుండును. శాస్త్రము చెప్పుదానిని దాఁచి వ్రాయుటకంటె వ్రాయకుండుటయే మేలు. దక్షిణదేశమున కాకరపాదు నాశ్రయించు నొక జాతికి పేరు పెట్టినది ఆ గ్రంథమే. చూపునకు వంగపురుగు తమ్మునివలె నుండును. లోపలి యంగముల నిర్మాణము వేఱు.

మా యింటి పెద్దలు ప్రాణులను నాలుగు తెగలుగాఁ జెప్పెడివారు: జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు. పురుగులు చెమ్మనుండి పుట్టు స్వేదజములని మేమును చాలఁగాలము నమ్మితిమి. వంగయాకు వెనుక పసుపుపచ్చని గ్రుడ్లు, సన్నని బియ్యపునూకలను నిలువఁబెట్టినట్లు గుంపుగా నుండఁగాఁ జూచి, ఆ యాకును గాజుసీసాలోఁ బెట్టితిమి. నాలుగైదు దినములలో పిల్లలు బయటికి వచ్చినవి. ఈ పురుగుల విషయమునఁగూడ చెప్పినవారిమీఁద గౌరవము తగ్గలేదు గాని, అండజములలోఁ జేర్చుకొంటిమి. వంగపురుగు పిల్ల పసుపుపచ్చగా నుండి, మేనినిండ కొమ్మలు చీలిన ముండ్లతో నొకచోటనే మందముగా మేయును. చీడను తిను పురుగు పిల్ల సన్నగా, నల్లగా, పొడవైన కాళ్లతో చిన్న మొసలివలె పరుగెత్తును. ఎవరైనను చూచినతోడనే చంపఁదలఁచునది రెండవదానినే! ముద్దుగా నున్నది శత్రువు, భయంకరముగా నున్నది చుట్టము.

గోఁగూర మాట చెప్పక యీ వ్యాసమును ముగింపరాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలు గోఁగునారకుఁ బేరువడిన సీమ. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధనస్థానము గోఁగురకములను పెంపొందించినది. నారగోఁగు సాగు తగ్గినను, గోఁగూర వండని యిల్లు లేదు గదా. కట్ట విప్పఁగా నాకులనిండ గుండుసూదితోఁ బొడిచినట్లు చిల్లు లుండును. ఆ చిల్లులు పెట్టునది నువ్వుగింజకంటెఁ గొంచెము పెద్దదగు పెంకుపురుగు. చేయి చాఁచినతోడనే యెగిరిపడి మాయమగును. ఱెక్కలతో నెగురుట గాదు, దుముకుట. వెనుకకాళ్ల తొడలు లావుగా నుబ్బియుండును. ఆ తొడలో నేమున్నదో కనుఁగొని వివరించినవాఁడు మన భారతీయుఁడే. సమరేంద్ర మౌలిక్ అను వంగదేశీయుఁడు లండనులోని మ్యూజియమునఁ బనిచేయుచు, మనదేశపు ఆకుదిను పెంకుపురుగులపై 1919, 1926, 1936 సంవత్సరములలో మూఁడు సంపుటములు వ్రాసెను. 1929లో నీ తొడను గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను. ఉబ్బిన తొడలో గట్టిపదార్థముతోఁ జేసిన యొక చిన్న కమాను చుట్టుకొనియుండును. కండరము మెల్లగా దానిని బిగించును. విడిచినతోడనే కాలు చాఁచుకొని పురుగు తన పొడవునకు నెన్నియో రెట్లు దూరమునఁ బడును. గడియారములో ముల్లు త్రిప్పు కమానుకును దీనికిని సూత్రమొక్కటియే. శాస్త్రజ్ఞులు దానికి మౌలిక్ అంగ మని పేరు పెట్టిరి. కలకత్తానుండి వెడలిన యొకరి పేరు మన గోఁగాకు పురుగు తొడలో నిలిచియున్నదని తెలిసినప్పుడు, ఆకు తఱుగుచున్న కత్తిపీఁటను ఆపి కొంతసేపు ఊరకుంటిమి.

ఆ కమాను ఆకారము ప్రజాతికొక రీతిగా నుండుటచేత తెగలు విడఁదీయుటకుఁగూడ నది యుపయోగపడినది. అయితే కమాను గల పురుగులన్నియు నొకే తల్లిబిడ్డలా యన్న సందేహమును ఇటీవలి జన్యుపరిశోధనలు రేపినవి. దుముకుట ఒక్కసారి గాక వేఱువేఱు శాఖలలో వేఱువేఱుగాఁ బుట్టియుండవచ్చునట. అంగములను చూచి చేసిన నిర్ణయమును మఱల తెఱచి చూడవలసి వచ్చెను.

చిలగడదుంపతీఁగపైని తాఁబేటిపురుగును గూర్చి ఒక్కమాట. డిప్పక్రింద తల దాఁచుకొని, బంగారుపూఁత పూసినట్లు మెఱయు నీ పురుగును ఆడపిల్లలు అగ్గిపెట్టెలోఁ బెట్టుకొందురు. మఱునాఁడు చూడఁగా బంగార ముండదు. పెంకుపొరలలోని తడి ఆఱిపోఁగానే మెఱుపు పోవును. బంగారమును నమ్మి పేరు పెట్టినవారికి చచ్చిన పురుగు చేతికి వచ్చినప్పుడు గుఱుతు పట్టుట సాధ్యముకాదు. అందుచేతనే రంగును విడిచి డిప్ప యంచును, కొమ్ముల కణుపులను లెక్కింతురు.

ఇంత సూక్ష్మముగాఁ జూచుటవలన ప్రయోజనమేమి యని మా పొరుగింటి వదినగా రడిగిరి. కాలిఫోర్నియా నారింజతోఁటలు తెల్లని పిండిపురుగుచేత నాశనమగుచుండఁగా, 1888లో ఆల్బర్ట్ కోబెల్ అను నతఁడు ఆస్ట్రేలియాకుఁ బోయి, దానినే తిను నొక చిన్న యక్షింతల పురుగును తెచ్చి విడువఁగా, రెండేండ్లలోఁ దోఁటలు తేఱుకొన్నవి. ఏ పురుగు దేనిని తినునో తెలియనిచో ఆ పని జరిగెడిదా? మఱి మన పెరటిలోనో, అన్ని యక్షింతలును శత్రువులే యని యెంచినవారు మందు కొట్టుదురు. కావలివారు ముందు చత్తురు. పేనుబంక మఱల పెరుగును. మఱల మందు కొట్టుదురు. ఆ మందు మన కూరలోఁ జేరును. మోనోక్రోటోఫాస్ అను ఘోరమైన మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే ప్రభుత్వము నిషేధించినది. ఒకసారి సంతలోఁ గొన్న వంకాయలు కడుగుచుండఁగా ముక్కు పగులునట్లు మందువాసన వచ్చెను. కాయలన్నియు పెంటలోఁ బాఱవైచితిమి. పిల్లలు తిను కూర యది.

ఈ యేఁడు మేము చేసిన పని యిది. వంగయాకులు వారమునకు రెండుసార్లు త్రిప్పి చూచి, పసుపుగ్రుడ్లున్న యాకును వంగమొక్కపై నైనచో గిల్లి తీసివేసితిమి. పేనుబంక యున్న చిక్కుడుతీఁగపై నైనచో ముట్టుకొనలేదు. గ్రుడ్లు రెండింటివియు నొక్కరీతిగానే యుండుటచేత, చోటునుబట్టి యూహించుటకంటె మాకు వేఱుదారి లేకపోయెను. మెఱుపులేని నూఁగు వీఁపుపురుగులను మాత్రమే సబ్బునీళ్లలో వైచితిమి. ఉద్ధృతి హెచ్చినప్పుడు వేఁపగింజల పప్పును దంచి నానఁబెట్టి, వడఁగట్టి, నూటి కయిదు పాళ్ల కషాయముగాఁ జేసి సాయంకాలమునఁ జల్లితిమి. వంగ నూటికి నూఱుపాళ్లు బాగుపడినదని చెప్పము. క్రింది యాకులు కొన్ని యిప్పటికిని జల్లెడలే. చిక్కుడుపందిరి మాత్రము కాచినది.

మొన్న నాదివారమున మా యత్తగారు పందిరిక్రింద నిలుచుండి, చేతిమీఁదికి వచ్చిన యొక పురుగును చూచుచుండిరి. మమ్ము కేక వేసి, "అమ్మాయీ, ఆ అద్దమును తీసికొనిరా, ఇది నున్ననిదా, నూఁగుదా?" అనిరి. అద్దము తెచ్చునంతలో నది యెగిరిపోయినది.